ఏమీ కానివారి పూచీ

నర్సింగు శిక్షణలో వచ్చిన సీటు పోకుండా ఉండాలంటే గౌతమి ఆ సాయంత్రం లోగా చేయవలసిన పనులు: మార్కుల జాబితా జిరాక్సు మీద గెజిటెడ్ సంతకం చేయించడం, ఫోటోలు తీయించడం (చెవులు కనబడాలి, నవ్వు కనబడకూడదు), చదువు మధ్యలో మాననని బాండు రాయడం, ఆ బాండుకు ఒక పూచీదారుని తేవడం.

మనిషి మాటను నమ్మరాదనీ, దాని పక్కన ఇంకో మనిషి సంతకం పెడితే నమ్మవచ్చుననీ మానవజాతి ఎప్పుడో కనిపెట్టింది. ఆ ఇంకో మనిషి ఎలా ఉండాలో తేల్చిన ఘనత మాత్రం నర్సీపట్నంలోని శిక్షణార్థుల పూచీకత్తుల పరిశీలన కార్యాలయానిది. ఆయన ప్రభుత్వోద్యోగి అయి ఉండాలి. అభ్యర్థిని ఐదేళ్ళుగా ఎరిగి ఉండాలి. బంధువు కాకూడదు (బంధువులు ప్రేమకొద్దీ సంతకాలు పెట్టేస్తారు).

కొండ మీది ఊరి పిల్లకు తెలిసిన ప్రభుత్వోద్యోగి ఎవరు? బస్సు కండక్టరు మన్మథరావు. ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా ఆయన బస్సులోనే ఆ పిల్ల కొండ దిగి చదువుకుంది. అడగ్గానే ఆయన డ్యూటీ మార్చుకుని, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు.

కిటికీ అవతల సీనియర్ అసిస్టెంటు ఉమామహేశ్వరరావు ఉన్నాడు. గౌతమి స్కాలర్‌షిప్ కాగితాలు ఇన్నేళ్ళూ ఆ కిటికీకే వచ్చి, 'రేపు రా' అనిపించుకుని వెళ్ళేవి.

"జామీను ఇద్దామని వచ్చానండి," అన్నాడు మన్మథరావు.

"జామీను కోర్టులో ఇస్తారు. హామీ ఎన్నికలప్పుడు ఇస్తారు. మా దగ్గర ఇచ్చేది పూచీ," అని సరిదిద్ది, కాగితాలన్నీ చూసి, తప్పేమీ దొరక్క ఆయన కొంత నిరాశపడ్డాడు. సరిగ్గా అప్పుడే గౌతమి నోరు జారింది.

"మావయ్యా, ఇక్కడ సంతకం ఎట్టాలంట."

ఉమామహేశ్వరరావు పెన్ను ఆగింది. "మావయ్యా? అయితే బంధువే."

"బాబూ, నా బస్సెక్కిన గుంటలందరికీ నాను మావయ్యనే. డ్రైవరేమో సిన్నాన్న. అలగని మాదంతా ఒకే ఇల్లేటండి?"

"అదే రాసివ్వండి. ఈమె మీకేమీ కాదని."

మన్మథరావు కాగితం తీసుకున్నాడు. ఏడేళ్ళలో లక్ష టికెట్లు చింపిన చేయి ఒక వాక్యం రాయడానికి మొరాయించింది. చివరికి రాశాడు: 'ఈ అమ్మాయి నాకు ఏమీ కాదు.' సంతకం పెట్టాడు.

"కండక్టరుగారూ, పెన్ను ఇచ్చీండి," అంది గౌతమి, ఇక తప్పు జరగకూడదని. ఆయన ఎవరినో పిలుస్తోందనుకుని వెనక్కి చూశాడు.

బంధుత్వం లేదని తేలింది. అభిమానం మిగిలింది (నిబంధనల ప్రకారం అది బంధుత్వంలో ఉపవిభాగం).

"ఈ అమ్మాయి కోసం ఎప్పుడైనా బస్సు ఆపారా?"

"ఆపనేటండి! వానాకాలం పొంగిన గెడ్డ దాటి రావాల కదా గుంట. సూసి, ఎక్కించుకునే బయల్దేరతాం."

'ఆపును' అని రాసుకుని ఉమామహేశ్వరరావు ఫైలు మూశాడు. "అభిమానం రుజువైంది. చెల్లదు. ఐదింటిలోగా వేరే మనిషిని తెచ్చుకోమ్మా. లేదంటే సీటు తర్వాతవాళ్ళకి పోద్ది."

గోడ గడియారం నాలుగు దాటింది. గౌతమి కిటికీ ఊచలు వదల్లేదు.

"సార్, మరి మీరే సంతకం ఎట్టండి."

"నానేటి? నాకూ నీకూ ఏటమ్మా సంబంధం?"

"అదే కదండీ కావాల్సింది."

గొడవ విని లోపలి గదిలోంచి సూపరింటెండెంటు సూర్యప్రకాష్ వచ్చాడు. విషయం విన్నాడు. స్కాలర్‌షిప్ ఫైలు తెప్పించి, 'రేపు రా'లు నమోదైన పుటలన్నీ శ్రద్ధగా తిరగేశాడు.

"ప్రభుత్వోద్యోగి. ఐదేళ్ళు దాటిన పరిచయం. అభిమానం ఉందనడానికి ఒక్క ఆధారమూ లేదు. నా సర్వీసులో ఇంత అర్హుడైన పూచీదారుని చూడలేదయ్యా."

"నాకు ఇష్టం లేదు సార్."

"అదే నీ అర్హత. పెట్టు."

ఉమామహేశ్వరరావు పెట్టాడు. ఆ అమ్మాయి చదువు మానితే బాధ్యత తనదని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది సంతకం ఆరాక చదివాడు. మొదటిసారి కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"బాగా సదువుతావు కదమ్మా? హాస్టల్లో తిండి అదీ సరిగ్గా ఎడతారంటావా?" (ఇది అభిమానం కిందకు వస్తుందేమోనని వెంటనే గొంతు తగ్గించాడు.)

సీటు నిలిచింది. గౌతమి ఇప్పుడు నర్సింగు చదువుతోంది. ఆమెకు పూచీ ఎవరని రేపు ఎవరడిగినా ఉమామహేశ్వరరావు పేరు వస్తుంది.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. కండక్టరు మన్మథరావును దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి. కార్యాలయం గుర్తుపెట్టుకోలేదు; ఆయన ఆ పిల్లకు ఏమీ కాడనడానికి దాని దగ్గర ఆయన సంతకమే ఉంది.