మద్యనిషేధ గ్రామంలో చలి కషాయం

మా ఊళ్లో మద్యపానం లేదని ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమైనది. నమ్మకం లేనివాళ్లు పెద్దమందడి నుంచి వచ్చే దారిలో మొదటి మలుపు దగ్గర పాతిన పచ్చబోర్డు చూసుకోవచ్చు. "సంపూర్ణ మద్యనిషేధ గ్రామానికి స్వాగతం" అని రాసి ఉంటుంది. బోర్డు కొంచెం పక్కకు ఒరిగిన మాట నిజమే గానీ, అది తాగి ఒరగలేదు. ట్రాక్టరు తగిలింది.

ఈ నిషేధం పోయిన ఎండాకాలంలో వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లంతా చీపుర్లు పట్టుకొని బెల్టుషాపు ముందు కూర్చుంటే, షాపువాడు సామాను సర్దుకొని పోయాడు. ఆ వెంటనే పెట్టిన గ్రామసభలో మగవాళ్లం ఏకగ్రీవంగా చేతులెత్తాం. ఎవరి పెళ్లాం వాళ్ల వెనకే నిలబడి ఉంది మరి. నిషేధ కమిటీకి తిరుపతయ్యను అధ్యక్షుడిగా ఎన్నుకున్నాం. తాగుడు విషయంలో ఊళ్లో ఆయనకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు.

ఎండాకాలమంతా నిషేధం బ్రహ్మాండంగా నడిచింది. చిక్కంతా చలితోనే వచ్చింది. తెల్లవారుజామున పల్లిచేనుకు నీళ్లు పెట్టబోయినవాళ్లకు మోటారు స్టార్టరు నొక్కడానికి వేళ్లు వంగలేదు. తిరుపతయ్యకు దగ్గు పట్టింది. అధ్యక్షుడి దగ్గు సొంత విషయం కాదు కాబట్టి పంచాయతీ ఆఫీసు ఆవరణలో అత్యవసర సమావేశం జరిపాం. పాపం, చలిలో శ్రమ ఎందుకని ఆడవాళ్లకు చెప్పలేదు.

తిరుపతయ్య మఫ్లరు సవరించుకొని లేచాడు. "జర మంచిగ ఇనుండ్రి. మనం బంద్ జేసింది తాగుడును. కషాయాన్ని బంద్ జేయలే. సల్లగ తాగితె అది బ్రాందీ. పొయ్యిమీద పెట్టి, శొంఠేసి, మిరియాలేసి మసలబెడితె అది కషాయం. మన తాతలు కషాయం తాగలేదా? తాతలకంటె మనం పెద్దోళ్లమా?"

తాతలకంటే పెద్దవాళ్లం కాదని అందరం వినయంగా ఒప్పుకున్నాం. తీర్మానం ఆమోదం పొందింది. తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. పంచాయతీ ఆఫీసులో కూర్చొని బ్రాందీ తాగితే కషాయం అనడానికి దానికేం నొప్పి?

సరుకును ఎరువుల సంచిలో పెట్టి, ఆత్మకూరు నుంచి బస్సులో సగౌరవంగా తెప్పించాం. పెళ్లిళ్లకు అన్నం వండే డేగిశ పొయ్యికెక్కింది. శొంఠిని దంచాలా, అరగదీయాలా అన్న చర్చలో మాటామాటా పెరిగి ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. బెల్లం, మిరియాలు, ఓమ, తులసాకు పడ్డాయి. జలుబుకు మంచిదని ఒకాయన గుప్పెడు ఎల్లిగడ్డలు వేశాడు. ఇంకొకాయన పుణ్యానికి కర్పూరం కూడా వేయబోతే చెయ్యి పట్టుకొని ఆపాం. దేనికైనా ఒక హద్దుండాలి కదా.

అసలు పట్టింపు మరిగించే దగ్గర వచ్చింది. మా వైపు కషాయమంటే నాలుగు వంతుల్లో మూడు వంతులు ఇగిరిపోయి ఒక వంతు మిగలాలి. అంతకుముందే దించితే దాన్ని ఎవరూ కషాయమనరు. పైగా ఇక్కడ మరగకపోతే బ్రాందీ అయిపోతుంది, ఊరి పరువు పోతుంది. అందుకని మూత తీసేసి, కట్టెలు ఎగదోసి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా మరిగించాం. వాసన పక్క ఊరిదాకా పోయింది. డేగిశ చుట్టూ ముక్కులు చాచి నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

తిరుపతయ్య తమ్ముడి కూతురు సుహాసిని హైస్కూల్లో సైన్సు టీచరు. బడి నుంచి ఇంటికి పోతూ ఆగి, డేగిశలోకి తొంగిచూసింది.

"పెద్దనాయినా, గింతసేపు మసలబెడితె దాంట్ల ఇంకేముంటది? ఎక్కేదంతా ఆవిరై పోయింది. మిగిలింది ఉత్త శొంఠినీళ్లు."

"సదువుకున్నోళ్లకు గిట్లనే అనుమానాలు బిడ్డా. తాగినోనికి తెలుస్తది," అన్నాడు తిరుపతయ్య, ఎంతో దయగా.

తాగినవాళ్లకు తెలిసింది. తలా ఒక స్టీలు గ్లాసు కడుపులో పడగానే తిరుపతయ్య మద్యం వల్ల కలిగే అనర్థాల మీద ఊగుతూ ఉపన్యసించాడు. శొంఠి దగ్గర విడిపోయిన అన్నదమ్ములు ఒకరినొకరు కౌగిలించుకొని బోరున ఏడ్చారు. మా ఊరిని జిల్లా కేంద్రం చేయాలని ఒక తీర్మానం చేశాం. నేను నా చెప్పుల కోసం చాలాసేపు వెతికాను, కాళ్లకే ఉన్నాయి. మాతోపాటే తాగిన లక్ష్మణ్ ఇంటికి పోయి, జొన్నరొట్టె చల్లారిందని భార్య శాంతమ్మ చెంప పగలగొట్టాడు.

పొద్దున్నే శాంతమ్మ వాచిన చెంపతో కమిటీ ముందుకొచ్చింది. బెల్టుషాపు ముందు మొదటి చీపురు పట్టుకొని కూర్చున్నది ఆమే. షాపు పోతే దెబ్బలు పోతాయని నమ్మిన మనిషి.

"మామా, తాగుడు బంద్ అయ్యిందంటిరి. మల్ల నన్నెందుకు కొట్టిండు?"

కమిటీ నిష్పక్షపాతంగా విచారించింది. లక్ష్మణ్ తల వంచుకొని, "నాకేం తెల్వదు. కషాయం ఎక్కింది," అన్నాడు.

"ఇన్నవా బిడ్డా? కొట్టింది ఆడు గాదు, కషాయం," అని తిరుపతయ్య తీర్పు చెప్పాడు. "ఆడు బంగారమసుంటోడు. సోయి లేనోని మీద పంచాయితేంది?"

కషాయం మీద చర్య తీసుకునే అధికారం కమిటీకి లేనందున ఫిర్యాదు కొట్టివేయడమైనది. ఇకమీదట రొట్టెలు వేడిగా పెట్టుకోవాలని ఆమెకు ఒక సూచన కూడా చేశాం. చలికాలం కదా. శాంతమ్మ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మళ్లీ డేగిశ దిగింది. ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకొని కూర్చున్నాం. తిరుపతయ్య ఊగుతూ ఉపన్యాసం అందుకున్నాడో లేదో, శాంతమ్మ తన గ్లాసు తెచ్చుకొని వచ్చి నిలబడింది.

"నాకు గూడ జలుబైంది మామా. జర పొయ్యుండ్రి."

ఆడవాళ్లకు పోయకూడదని తీర్మానంలో లేదు. రాసేటప్పుడు మాకు ఆ ఊహే రాలేదు. చేసేదేం లేక పోశాం. నిలబడే గటగటా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. గ్లాసు కింద పెట్టి, తిన్నగా లక్ష్మణ్ దగ్గరికి నడిచి, చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత తిరుపతయ్య వైపు తిరిగి, ఆయన మఫ్లరు కొస పట్టుకొని, "బంగారమసుంటోనికి ఇంకోటి ఇయ్యాల్నా మామా?" అని అడిగింది. మేమంతా బల్లల మీద వెనక్కి జరిగాం.

"నన్నేమనకుండ్రి," అంది శాంతమ్మ, చల్లగా. "నాకేం తెల్వదు. కషాయం ఎక్కింది."

అబ్బబ్బ, ఆ నిమిషంలో మా ఊరికి వచ్చిన తెలివి చూసి తీరాల్సిందే! తిరుపతయ్య ఊగడం ఠక్కున ఆగింది. అందరి కళ్లూ తేటపడ్డాయి.

"అబద్ధం! దాంట్ల ఏమున్నదని ఎక్కుతది?" అని ఆయన లేచి అరిచాడు. "సైన్సు టీచరే చెప్పింది. ఎక్కేదంతా ఆవిరై పోయింది. మిగిలింది ఉత్త శొంఠినీళ్లు, పసిపిల్లకు తాపినా ఏం గాదు. నువ్వు సోయి ఉండే కొట్టినవ్!"

శాస్త్రీయ దృక్పథం మా ఊళ్లో అంత వేగంగా ఎన్నడూ వ్యాపించలేదు. కట్టుకున్నవాడి మీద చెయ్యి చేసుకున్నందుకు శాంతమ్మ అతని కాళ్లు మొక్కాలని అక్కడికక్కడే తీర్పు ఇచ్చాం. ఆమె కదల్లేదు.

"ఉత్త శొంఠినీళ్లేనా?" అని అడిగింది.

"ఉత్త శొంఠినీళ్లే!" అన్నాం, ఒక్క గొంతుతో.

"మరి నిన్న నన్ను కొట్టిందెవలు?"

ఈ ప్రశ్న అజెండాలో లేనందున సమావేశం వాయిదా పడింది. శాంతమ్మ గ్లాసు తీసుకొని ఇంటిదారి పట్టింది. లక్ష్మణ్ చెంప మీద చెయ్యి పెట్టుకొని కొంచెం ఎడంగా వెనకే పోయాడు. మేము మాత్రం తలుపులు వేసుకొని విషయాన్ని లోతుగా పరిశీలించాం. బ్రాందీ ఆవిరైపోయింది గనుక కొట్టింది బ్రాందీ కాదు. శొంఠి కొట్టదు. లక్ష్మణ్ బంగారం లాంటివాడని కమిటీ ఇదివరకే తేల్చింది గనుక అతనూ కాదు. ఇక మిగిలింది చలి ఒక్కటే. చలే కొట్టిందని తిరుపతయ్య ప్రతిపాదించగా, మగవాళ్లం ఏకగ్రీవంగా ఆమోదించాం.

అన్నట్టు, మీ ఇంట్లో చలి ఎట్లా ఉంది?