నెలజీతపు మగ్గాలు

కాఫీ తాగి, స్నానం సంధ్య ముగించి, ఇద్దరు ఏజెంట్లలో ఎవరు మేలో తేల్చేసి, ఆ తర్వాత కొట్టు తెరవాలన్నది ఆ పొద్దున హనుమంతరావు వేసుకున్న పథకం. ముప్ఫై ఏళ్లు ఆదోనిలో ఓ సర్కారు ఆఫీసులో పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి ఆయన. జనతా ప్రభుత్వం వచ్చిన ఏడే ఈయన ఇంటికి వచ్చాడు. ఊరికే కూర్చోలేక వీధిగదిలో చీరల కొట్టు పెట్టాడు. కొట్టు చిన్నదే గాని, బల్ల మీద స్టాంపు ప్యాడు, గుండుసూదుల డబ్బా, వచ్చే కాగితాలకొకటి, పోయే కాగితాలకొకటి చెక్క ట్రేలు, అన్నీ ఆఫీసులో ఉన్నట్టే ఉన్నాయి. చీరలే కాస్త తక్కువ.

చీరలు ఎమ్మిగనూరు నుంచి రావాలి. అక్కడి నేతగాళ్లు చీరకింత అని కూలి మాట్లాడుకుని ఇంట్లోనే నేసి ఇస్తారు. ఎవరి నూలు ముందు వస్తే వాళ్ల పని ముందు. కిందటి దసరాకు హనుమంతరావు అడిగిన చీరలు దీపావళి దాటాక వచ్చాయి. అప్పటి నుంచి ఆయనది ఒకటే ఆలోచన. మరొకరి నూలు ముట్టకుండా, ఎమ్మిగనూరులో తన ఇంట్లోనే కూర్చుని, ఆదోనిలో ఉన్న తనకోసం మాత్రమే పూర్తికాలం నేసే మనిషి కావాలి. అతనికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఇంత తేలికైన ఊహ ఇంతవరకు ఎవరికీ ఎందుకు రాలేదో ఆయనకు అంతుపట్టలేదు.

ఈసారి తొందర మాత్రం ఆయన భార్య పద్మాబాయిది. మాధవరంలో ఆమె అన్న కూతురి పెళ్లి కుదిరింది. బంధువులకు పెట్టే చీరలన్నీ మా కొట్టు నుంచే వస్తాయని ఆమె పుట్టింట్లో అందరి ముందూ మాటిచ్చి వచ్చింది. వదిన అంబాబాయి అప్పుడే నవ్వింది. "వస్తే మంచిదే పద్మా. రాకుంటే కర్నూల్లో తెచ్చుకుంటాం. నీ కొట్టును నమ్ముకుని పెళ్లి ఆపుకుంటామా?" ఆ నవ్వు పద్మాబాయిని నిద్రపోనివ్వడం లేదు. చీరలు సమయానికి రాకపోతే మళ్లీ పుట్టింటి గడప తొక్కేది లేదని ఆమె మొగుడికి చెప్పేసింది.

మనుషులను చూసిపెట్టే ఏజెంట్లు ఇద్దరు దొరికారు. ఒకరు ఆదోనిలోనే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే అబ్రహాం. రెండోవాడు ఎమ్మిగనూరు బస్టాండు ముందు సోడాబండి పెట్టుకున్న శేషప్ప. హనుమంతరావు తెల్లకాగితం మధ్యలో నిలువు గీత గీసి, అటు ఒకరి పేరు, ఇటు ఒకరి పేరు రాసి, మార్కులు వేయడానికి కూర్చున్నాడు.

అబ్రహాం ఇచ్చింది టైపు చేసిన దరఖాస్తు, దానికి గుచ్చిన ఫోటో. ఫోటోలో గోవిందయ్య అనే నేతగాడు స్టూడియో వాళ్ల కోటు తొడుక్కుని, ప్లాస్టిక్ పూలకుండీ మీద చెయ్యి వేసి, సూదిమందుకు నిలబడ్డ పిల్లవాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు. దరఖాస్తులో అతని ఎత్తుంది, బరువుంది, సత్ప్రవర్తన కలవాడన్న మాటుంది. నేత సంగతి మాత్రం లేదు. శేషప్ప అసలు కాగితమే పంపలేదు. బస్సు కండక్టరు చేతికి ఒక తుండుగుడ్డ ఇచ్చి, "మహానంది ఇంట్లో నేసింది, సూసుకోమను" అని నోటిమాట చెప్పించాడు.

ఫోటోకు ఎన్ని మార్కులు, తుండుకు ఎన్ని మార్కులు అన్నదగ్గర పని ఆగిపోయింది. తుండును మరోసారి చూద్దామంటే బల్ల మీద లేదు. వంటింట్లో పద్మాబాయి దాంతో పొయ్యి మీది చారుగిన్నె దించుతోంది.

"అది నమూనా," అన్నాడు హనుమంతరావు.

"చెయ్యి కాలలేదు, చూడండి. ఇంత ఒత్తు నేత ఈ ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. ఇది నేసినవాళ్లను పెట్టుకోండి, ఇంకేం చూడొద్దు."

"దరఖాస్తు లేదు కదా."

"నేను గుడ్డను చూస్తాండాను. మీరు కాగితం చూస్తాండారు. చీర కట్టుకునేది ఎవరు?"

ఆఫీసులో ఇలాంటి చిక్కు వచ్చినప్పుడల్లా హనుమంతరావు ఇద్దరినీ సంతోషపెట్టి బయటపడేవాడు. ఇప్పుడూ అంతే చేశాడు. ఇద్దరు ఏజెంట్ల మనుషులనూ తీసుకుని, ఎవరి మనిషి ఎక్కువ నేస్తే ఆ ఏజెంటే మేలని రాసుకుందామని తీర్మానించాడు. గోవిందయ్య, మహానంది ఇద్దరివీ ఒకే గోడకు అటొకటి ఇటొకటిగా ఉన్న ఇళ్లని ఆయనకు తెలియదు.

అబ్రహాం ఏ పనీ సగం చేసే రకం కాదు. గోవిందయ్యకు నియామకపు ఉత్తర్వు ఇంగ్లీషులో టైపు చేసి, హనుమంతరావు చేత సంతకం చేయించి, రిజిస్టరు పోస్టులో పంపాడు. ఆ వీధిలో రిజిస్టరు పోస్టు వచ్చిన ఇల్లు అదే మొదటిది. గోవిందయ్య భార్య మహాదేవమ్మ దానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించింది. మూడో రోజుకల్లా మహానంది ఆదోని బస్సెక్కి వచ్చాడు.

"గోవిందయ్యకు కాగితం వచ్చింది సామీ. నాకు రాలేదు. మా ఇంటామె ఉరుకుందమ్మ నాకు అన్నం పెట్టేటప్పుడు మొగం అటు తిప్పుకుంటాంది. నాది ఉద్యోగం కాదా?"

"ఎందుకు కాదు? నీకూ నెల జీతమే."

"నేసినా, నేయకపోయినా?"

"నేయాలి."

"నేస్తే సీరకింత అని ఇస్తారు గదా సామీ. మళ్లా నెలకెందుకు?"

హనుమంతరావు చాలా ఓపికతో ఉద్యోగమంటే ఏమిటో చెప్పాడు. వేళకు కూర్చోవాలి, వేళకు లేవాలి. ఆదివారం సెలవు, రెండో శనివారం సెలవు, పండగలకు సెలవు. ఒంట్లో బాగాలేకపోతే సెలవు, ఇంట్లో బాగాలేకపోతే సెలవు. అమావాస్యనాడు నేతగాళ్లు ఎలాగూ మగ్గం ముట్టరు గనుక దాన్నీ చేర్చాడు. చెబుతూ చెబుతూ ఆయనకు పాత రోజులు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అప్పటికప్పుడు నిబంధనలన్నీ రాసి, స్టాంపు గుద్ది, గోవిందయ్యకూ ఒక ప్రతి పంపాడు. మహానంది ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని బస్సులో నిలబడే ఊరికి పోయాడు, మడత పడుతుందని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కూలికి నేసినన్నాళ్లూ ఆ ఇళ్లల్లో మగ్గం ఎప్పుడూ ఖాళీగా లేదు. మొగుడు లేస్తే పెళ్లాం కూర్చునేది. ఇప్పుడు సంగతి వేరు. పదింటికి గోవిందయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుంతమగ్గంలో కాళ్లు దించుతాడు. అవతల గోడపక్క మహానంది కూడా దించుతాడు. ఒకటి కొట్టగానే ఇద్దరూ లేచి అన్నానికి పోతారు, పక్క గదిలోకే. అయిదింటికి గోవిందయ్య మగ్గం చప్పుడు ఆగితే మహానంది అటూ ఇటూ దారం నడిపే నాడెను చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలేస్తాడు.

"ఇంకో జానెడుంటే సీర అయిపోతాది గదా," అని ఉరుకుందమ్మ అడిగితే, "ఆయప్ప లేచినాక నేను నేస్తే అది ఓవర్‌టైం అయితాది. దానికి ఉత్తర్వు లేదు," అన్నాడు మహానంది.

ఆమెకు ఒళ్లు మండి, "అట్లయితే నీ కండెలు నువ్వే సుట్టుకో. నాకూ ఉత్తర్వు లేదు," అన్నది. ఆ మాట గోడ దాటి మహాదేవమ్మకు వినపడింది. మర్నాటి నుంచి రెండిళ్లలోనూ దారపు కండెలు చుట్టేవాళ్లు లేక నేత సగానికి సగం పడిపోయింది. కండెలకు మనిషి కావాలని ఇద్దరు ఉద్యోగులూ కలిసి హనుమంతరావుకు అర్జీ పెట్టుకున్నారు. ఆయన దాని మీద 'పరిశీలనలో ఉన్నది' అని రాసి ట్రేలో పడేశాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు మరి.

పెళ్లి దగ్గర పడింది. కొట్టులోకి వచ్చిన చీరలు ఒక చేతి సంచిలో పట్టేలా ఉన్నాయి. అంబాబాయి మాధవరం నుంచి కార్డు ముక్క రాసింది, కర్నూలుకు మనిషిని పంపమంటావా అని. పద్మాబాయి దాన్ని చదివి, మడిచి, మొగుడి ముందు పెట్టి, వంటింట్లోకి పోయి ఏడ్చింది. హనుమంతరావుకు నిజంగా భయమేసింది. మర్నాడే ఇద్దరూ ఎమ్మిగనూరుకు తనిఖీకి బయల్దేరారు.

తనిఖీ అంటే ఎలా ఉండాలో నిబంధనల్లో ఆయనే రాశాడు. ఉద్యోగులు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. బస్సు దిగగానే దండలు వేశారు. శేషప్ప సోడా కొట్టి ఇచ్చాడు. మహానంది ఇంటి అరుగు మీద కుర్చీ వేసి, పైన దుప్పటి పరిచి కూర్చోబెట్టారు. వీధివీధంతా వచ్చి నిలబడింది. దొరవారు వచ్చిన రోజు మగ్గం ముందు కూర్చుంటే మర్యాద కాదని ఇద్దరూ చేతులు కట్టుకుని ఎదుటే నిలబడ్డారు. రెండు మగ్గాలూ ఊరుకున్నాయి.

"నేత ఎందుకు సాగడం లేదు?" అన్నాడు హనుమంతరావు.

"తనిఖీ కదా సార్," అన్నాడు గోవిందయ్య. పదేళ్ల కిందట హనుమంతరావు తన పై అధికారికి చెప్పిన జవాబూ అదే.

పద్మాబాయి అక్కడ ఉండలేదు. ఇంటి వెనక పెరట్లోకి పోయింది. ఉరుకుందమ్మ, మహాదేవమ్మ చింతపండు పిక్కలు తీస్తున్నారు.

"ఒక తుండు పంపించినారు కదమ్మా శేషప్ప చేత, అది నేసిందెవరు?"

ఉరుకుందమ్మ తలెత్తలేదు. "నేనే తల్లీ. బాగాలేదా?"

"దాంతో చారుగిన్నె దించితే చెయ్యి కాలలేదు. అందుకే అడుగుతాండాను. మరి ఇప్పుడెందుకు ఊరికే కూచున్నావు?"

"మగ్గం ఆఫీసుదైపాయె గదమ్మా. నేను ముట్టుకుంటే ఆయన ఉద్యోగం పోతాదంట."

"ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?"

"అయిదింటికి."

"ఆదివారం?"

"ఉండదు."

పద్మాబాయి ఒక చింతపిక్క తీసి పక్కన పడేసింది. "ఆఫీసు మూసినాక మగ్గం ఎవరిది?"

ఇద్దరాడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న వాళ్లకు తోచనే లేదు.

"ఇంటిది," అన్నది మహాదేవమ్మ మెల్లగా.

"అయితే నాకు నేసి పెట్టండి. చీరకింత, పాత లెక్కే. కాగితం లేదు, నోటి మాట. మా వదిన ముందర నా పరువు మీ చేతిలో ఉంది. మీ మొగుళ్లకు చెప్పొద్దు, మా ఆయనకు నేను చెప్పను."

తిరిగి వచ్చే బస్సులో హనుమంతరావు దండ ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. కర్నూలు నుంచి కొత్త రిజిస్టర్లు తెప్పిస్తే ఏమైనా లాభముంటుందా అని కూడా ఆలోచించాడు. పద్మాబాయి కిటికీలోంచి జొన్నచేలు చూస్తూ, "పాపం, వాళ్లు చాలా అలిసిపోయినారు. ఇంకొన్ని సెలవులు ఇవ్వరాదా?" అన్నది.

ఆయన నమ్మలేకపోయాడు. నెల రోజులుగా చీరలు, చీరలు అని ప్రాణం తోడేసిన మనిషి ఆమె. దుఃఖంలో మనసు మెత్తబడిందనుకున్నాడు. ఆమె కోసం శనివారాలన్నీ సెలవు చేశాడు. తర్వాత ఆమె సలహా మీదే ఏకాదశులు చేర్చాడు. ఎండలు ముదిరాయని మధ్యాహ్నాలు తీసేశాడు. గోవిందయ్య, మహానంది ఇలాంటి దొరను ఎక్కడా చూడలేదని వీధిలో చెప్పుకున్నారు. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలతో శేషప్ప సోడాబండి దగ్గర కూర్చుని ఉద్యోగపు కష్టాలు మాట్లాడుకునేవాళ్లు. మగ్గాలు మాత్రం కోడి కూయకముందే మోగేవి. ఆ సంగతి ఉద్యోగులకు తెలిసినా వాళ్లు పట్టించుకోలేదు. ఆఫీసు వేళల్లో కాదు కదా.

పెళ్లికి వారం ముందు ఎమ్మిగనూరు బస్సు టాపు మీంచి రెండు పెద్ద మూటలు దిగాయి. విప్పి చూస్తే కావలసినవన్నీ ఉన్నాయి, పైన నాలుగు ఎక్కువే ఉన్నాయి. హనుమంతరావు వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు. సెలవులు పెంచితే పని పెరుగుతుందన్న గొప్ప సూత్రం తన వల్ల బయటపడిందని ఆయనకు రూఢి అయింది. కబురు అంది ఇద్దరు ఏజెంట్లూ కొట్టులో వాలిపోయారు.

"ఫోటో చూసినప్పుడే చెప్పినా కదా సార్, మనిషి అట్లాంటోడని," అన్నాడు అబ్రహాం.

"ఫోటో నేస్తాదా అబ్రహామన్నా? తుండు పంపింది నేను," అన్నాడు శేషప్ప.

హనుమంతరావు గీత గీసిన పాత కాగితం బయటకు తీసి కలం మూత విప్పాడు. "ఏ మూట ఎవరి మనిషిదో చెబితే ఇప్పుడే తేల్చేస్తాను."

"రెండు మూటలూ నా మనుషులవి," అన్నది పద్మాబాయి గుమ్మంలోంచి. జరిగిందంతా ఆమె అప్పుడు చెప్పింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. విన్నాక శేషప్ప తనకు బస్సుందని లేచాడు. అబ్రహాం కూడా ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు ఎదురుచూస్తుంటారన్నాడు. హనుమంతరావు కలం మూత పెట్టేశాడు.

పెళ్లిలో అంబాబాయి చీర అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. మళ్లీ చూసింది. "ఎవరు నేసినారు పద్మా? నాకూ ఒకటి చెప్పవా?" అన్నది. పద్మాబాయి అన్నింటికన్నా మంచి చీర అప్పటికే ఆమె కోసం విడిగా పెట్టి ఉంచింది. అది చేతికిస్తుంటే పద్మాబాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఈసారి సంతోషంతో.

అప్పటి నుంచి కొట్టులో పద్మాబాయి కూర్చుంటోంది. చీరల కోసం మాధవరం, కౌతాళం నుంచి కూడా మనుషులు వస్తున్నారు. మాట్లాడేదీ బేరం చేసేదీ ఆమే. చెక్క ట్రేలలో ఇప్పుడు జాకెట్టు గుడ్డలున్నాయి. గోవిందయ్య, మహానంది కలిసి పెట్టుకున్న అర్జీ ఒకటి ఆ నెలాఖరున టపాలో వచ్చింది. తమ ఇళ్లలో ఆడవాళ్లు మగ్గం దిగడం లేదనీ, వంటావార్పూ, కండెలు చుట్టడమూ తామే చేసుకోవలసి వస్తున్నదనీ, ఆఫీసుకు తీరిక లేదు గనుక తమకు దీర్ఘకాలపు సెలవు ఇప్పించాలనీ అందులో వేడుకున్నారు.

హనుమంతరావు నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. ఇంట్లో ఇబ్బంది అయితే సెలవు ఇవ్వవచ్చునని తానే రాశాడు. మంజూరు అని రాసి, స్టాంపు గుద్ది, తుండు భుజాన వేసుకుని, చారు పొంగుతుందేమోనని వంటింట్లోకి పోయాడు.