నిలబెట్టి కొలిచిన టైర్లు

మేస్త్రికి కొలతల పిచ్చి. అల్మారాలు చేయడం ఆయన పని. ఇంట్లో దోమతెర కట్టాలన్నా మూడుసార్లు కొలుస్తాడు. పెళ్ళాం మాట మాత్రం ఒక్కసారి కూడా చెవిన పెట్టడు.

ఆవిడకి ఇంటి వెనక మొక్కల నర్సరీ ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటే పికప్ బండి. పొద్దున ప్లైవుడ్ మోస్తుంది, సాయంత్రం మొక్కలు మోస్తుంది. దాని టైర్లు అరిగి అరిగి గుండులా నున్నబడ్డాయి. పోయినవారం కొండమీది బడికెళ్ళే మట్టిదారిలో బండి ముందుకి పొమ్మంటే పక్కకి పోయింది. ఆ బడికే గురువారం పొద్దున నాలుగొందల మొక్కలు చేర్చాలి. నర్సరీ పెట్టాక ఆవిడకి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు అది. ఒక్కరోజు ఆలస్యమైనా వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని హెడ్‌మాస్టరు ముందే చెప్పేశారు.

"మట్టికీ తారుకీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయించండి. ఇప్పుడున్న సైజే. మరీ మొరటువి వద్దు," అంది ఆవిడ సోమవారం పొద్దున.

"అలాగే," అన్నాడు మేస్త్రి. ఆయన అంత తొందరగా ఒప్పుకున్నాడంటే కడుపులో ఏదో ఉన్నట్టే.

ఉంది మరి. టైర్ల షాపు గుమ్మంలో నిలబెట్టిన నాలుగు టైర్ల మీద ఆయన మనసు ఎప్పుడో పడింది. అరచేతంత రబ్బరు బొడిపెలు, పక్కలకి కూడా పళ్ళు, పాతవాటికంటే నాలుగంగుళాలు ఎత్తు. అవి వేస్తే బండి మొక్కలకి కాదు, యుద్ధానికి పోతున్నట్టుంటుంది. అడిగితే ఆవిడ ఒప్పుకోదు. వేయించి తెచ్చాక ఒప్పుకోక ఏం చేస్తుందని ఆయన ధీమా.

ఆ మధ్యాహ్నమే కొలతకి దిగాడు. మడ్‌గార్డు వంపులో తన స్టీలు టేపు వంగలేదు. ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి బట్ట టేపు తీసుకెళ్ళి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు ముందునుంచీ వెనకనుంచీ పైనుంచీ కొలిచాడు. నాలుగంగుళాలు. కొత్త టైరు ఎత్తులో సగం కిందికి పోతే, పైకి పెరిగేది రెండే. లోపల్లోపలే చంకలు గుద్దుకుని, టేపు మీద గ్రీజు వేలిముద్ర వేసి మరీ దాన్ని సొరుగులో భద్రంగా పెట్టేశాడు.

మంగళవారం సాయంత్రం బండి కంటే ముందు దాని మోత వచ్చింది. తేనెపట్టు కదిలిందేమోనని పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

"ఏంటండీ ఇవి?"

"ఆల్ టెరైనే. నువ్వు చెప్పినవే."

"నేను చెప్పినవి ఇంత ఎత్తా?"

"ఆ సైజు లేదన్నాడు. అయినా కొలిచే తెచ్చాను. ఇంకా రెండంగుళాల సందుంది."

"బండి నిలబెట్టి కొలిచారా, చక్రం పక్కకి తిప్పి కొలిచారా?"

ఇరవయ్యేళ్ళుగా ఆయన కొలిచినవన్నీ గోడకి ఆనుకుని నిలబడేవే. ఏ అల్మారా ఇంతవరకు మలుపు తిరగలేదు.

"ఎలా కొలిచినా కొలత కొలతే," అన్నాడు మేస్త్రి.

బుధవారం పొద్దున మొక్కలెక్కించడానికి స్టీరింగు పూర్తిగా తిప్పి బండిని నర్సరీ వైపు మళ్ళించాడు. గర్రుమంది. కుడి టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగుని పట్టి పీకేసింది. ఎడమకి తిప్పితే ఎడమది ఊడింది. తొమ్మిదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి బండిని లోపల పెట్టేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

వాళ్ళతోనే ఉండే మేస్త్రి అత్తగారు మొక్కల ట్రే ఎత్తుకొచ్చింది. అసలే మునివేళ్ళ మీద నిలబడి అందించే మనిషి.

"బాబూ, బండి పెరిగిందా, నేను కుంగానా?" అంది.

"నువ్వు కూర్చోమ్మా. ఎత్తు పెంచినవాళ్ళే ఎక్కిస్తారు," అంది ఆవిడ.

రెండొందల మొక్కలు ఒక్కడే ఎక్కించాడు. ఆ బరువుకి బండి కిందికి దిగింది. ఇప్పుడు తిప్పక్కర్లేదు, తిన్నగా పోయినా గర్రుమంటోంది.

"కొండ దారిలో మలుపులెన్నండీ?"

"పదకొండు."

"ఎటు తిప్పొచ్చు?"

"ఎటూ తిప్పకూడదు."

"అయితే మనకి బదులు కొండనే తిరగమని చెప్పండి," అని ఆవిడ ఖాళీ ట్రేల మీద కూలబడింది. "రేపు ఇవి చేరకపోతే నన్నింకెవరు నమ్ముతారు?"

ఆ మాటకి మేస్త్రికి నిజంగా సిగ్గేసింది. రెండొందల మొక్కలూ దింపి, తిరగని బండిని తిన్నగా ఉన్న వీధులన్నీ వెతుక్కుంటూ షాపుకి తీసుకెళ్ళాడు.

షాపతను ఆయన్ని చూడగానే కుర్చీ వేసి, చల్లటి మంచినీళ్ళిచ్చాడు. తర్వాత లోపల్నుంచి నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. పాత సైజే, ఒద్దికైన ఆల్ టెరైన్.

"ఈ సైజు లేదన్నావు కదయ్యా?" ఇంట్లో చెప్పిన అబద్ధమే అలవాటుగా మళ్ళీ నోటికొచ్చింది మేస్త్రికి.

"నేనెప్పుడన్నాను? మీరు అడిగితే కదా," అన్నాడతను. "ఇవి అక్క సోమవారం సాయంత్రమే పక్కన పెట్టించింది. వద్దంటే అయిదేళ్ళు సణుగుతారు, ఒక్కరోజు తోలుకోనీ, తర్వాత వెనక్కి తీసుకో అంది."

అతను వాళ్ళ నర్సరీలోనే మొక్కలు కొంటాడనీ, ఆవిడని అక్కా అని పిలుస్తాడనీ మేస్త్రి కొలతల్లో లేదు. మొదటి టైరుకి ఓ కాయితం అంటించి ఉంది. ఆవిడ రాతే. "తమ్ముడూ, సొరుగులో టేపుకి గ్రీజంటింది. ఆయన పెద్దవే కొంటారు, బుధవారం తిరిగొస్తారు. ముందు మంచినీళ్ళివ్వు, తర్వాత టైర్లు మార్చు. నవ్వకు."

షాపతను గోడకేసి తిరిగి జాకీ కోసం చాలాసేపు వెతికాడు. జాకీ అతని కాళ్ళ దగ్గరే ఉంది.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి ఆవిడ ట్రేలు వరసగా పేర్చి సిద్ధంగా ఉంది.

"మంచినీళ్ళిచ్చాడా?"

"ఇచ్చాడు."

"నవ్వాడా?"

"లేదు."

"పాపం, ఎంత కష్టపడ్డాడో," అంటూ మొదటి ట్రే ఆయన చేతిలో పెట్టింది.

గురువారం పొద్దున నాలుగొందల మొక్కలతో బండి కొండెక్కింది. పదకొండు మలుపుల్లోనూ మేస్త్రి స్టీరింగు పూర్తిగా తిప్పాడు, ఎక్కడా చప్పుడు లేదు. పక్కసీట్లో ఆవిడ కూడా ఒక్క మాట అనలేదు. ఆ గర్రుమన్న చప్పుడే నయమనిపించింది ఆయనకి.