ఐదుగురు, ఐదు గోతులు

ఆ రోజు ఉదయం ఇన్‌ఛార్జిగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. కుట్టుమిషన్లు మోగడం మొదలయ్యేలోగా అక్క ఇచ్చిన లెక్క తేల్చేయాలి. ఆ తర్వాత గాజు గదిలో కుర్చీ మీద నిటారుగా కూర్చుని, సాయంత్రం ఓనరుగారు వచ్చేసరికి పనిమంతుడిలా కనబడాలి. ఈ రెంటిలో రెండోది మరీ సులువని ఆయన నమ్మకం.

ఆ కుర్చీ ఇంకా పూర్తిగా ఆయనది కాలేదు. మొన్నమొన్నటిదాకా అదే కార్ఖానాలో కిటికీ పక్క మిషను ముందు కూర్చుని కర్టెన్లు కుట్టినవాడే. పాత ఇన్‌ఛార్జి మానేయడంతో, "ప్రస్తుతానికి నువ్వు చూడవయ్యా" అని ఓనరుగారు ఆయన్ని గాజు గదిలోకి పంపారు. "హోటలు వాళ్ల కర్టెన్లు ఎల్లుండి సాయంత్రానికి గొడవ లేకుండా అయిపోవాలి. అయితే ఆ కుర్చీ నీదే. కాకపోతే కిటికీ పక్క మిషను ఎక్కడికీ పోదు" అని నిన్ననే గుర్తు చేశారు కూడా. ఇంట్లో భార్యకు ఆయన జరిగిందంతా చెప్పాడు, ఒక్క "ప్రస్తుతానికి" అన్న మాట తప్ప. ఆవిడ పాపం చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుని, హోదాకు తగ్గట్టు కొత్త చొక్కాలు కూడా కొనిపెట్టింది.

ఇక అక్క సంగతి. ఆమె లెక్కల టీచరుగా రిటైరైంది. బడిని వదిలింది గానీ లెక్కలు ఆమెను వదల్లేదు. రోజూ పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి ఒక చిక్కు లెక్క విసురుతుంది. ఆ లెక్కల్లో రైళ్లు ఎదురెదురుగా పరిగెడుతుంటాయి, తొట్టెలు ఒకవైపు నిండుతూ ఇంకోవైపు కారిపోతుంటాయి. తమ్ముడికి వాటి మీద ప్రాణం. అతనికి వాటి జవాబులు రావు, అది వేరే సంగతి.

"ఐదుగురు మనుషులు ఐదు రోజుల్లో ఐదు గోతులు తవ్వుతారు. నలుగుర్ని తీసేస్తే, మిగిలిన ఒక్కడూ ఒక్క గొయ్యి ఎన్ని రోజుల్లో తవ్వుతాడు?" అని అడిగింది అక్క.

"ఇదీ ఒక లెక్కేనా అక్కా? ఒక్క రోజు."

"తప్పు."

"తప్పేంటి? ఐదుకి ఐదైతే ఒకటికి ఒకటేగా?"

"నోటికొచ్చింది చెప్పకురా. బుర్ర పెట్టి చెప్పు. సాయంత్రందాకా టైమిస్తున్నా."

తమ్ముడికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోను చెవికి ఆనించుకునే గదిలో అటూ ఇటూ పచార్లు మొదలుపెట్టాడు. ఆయనకు లెక్క పైకి వినబడితే తప్ప బుర్రకెక్కదు. ఆ గది తలుపేమో గట్టిగా తోస్తే తప్ప మూసుకోదు.

సరిగ్గా అప్పుడే దారపు రీళ్లు అడుగుదామని రేడియో వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రేడియో అంటే కర్టెన్లకు అంచులు మడిచి కుట్టే ఆవిడ. ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆమె చెవిన పడ్డది ఇది:

"ఐదుగురూ కలిసి ఐదు రోజులు గోతులు తవ్వారు, సరే. అందులో నలుగుర్ని తీసేస్తాం. ఇక మిగిలేది ఒక్కడు. ఆ ఒక్కడి సంగతే తేలాలి, అంతేగా? సాయంత్రంలోగా తేల్చేస్తాలే అక్కా."

రేడియో దారం మాట మరిచిపోయి అటునుంచటే వెనక్కి తిరిగింది.

ఆ కార్ఖానాలో పనివాళ్లు ఐదుగురే. కటింగ్ మాస్టారు, ఇస్త్రీ ఆయన, పక్కపక్క మిషన్ల మీద కూర్చునే బావా బావమరుదులు, రేడియో. ఇదేదో యాదృచ్ఛికం అనుకుందాం. కానీ ఇంకో ఇబ్బందికరమైన సంగతి కూడా ఉంది. వాళ్లు ఐదుగురూ నిజంగానే గోతులు తవ్వుతున్నారు. పోయిన శనివారం టీ తాగుతూ, "ఈయన ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటున్నాడు, మళ్లీ మిషను మీద కూర్చోబెట్టమని ఓనరుగారితో చెబుదాం" అని అందరూ ఒక మాట అనుకున్నారు. మొదలుపెట్టింది మాస్టారు. మిగతావాళ్లు తలూపారు.

"మనం అనుకున్నదెప్పుడు?" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి.

"శనివారం" అంది రేడియో.

ఇస్త్రీ ఆయన వేళ్లు మడిచి చూసుకున్నాడు. బొటనవేలు కూడా మడతపడింది. "సరిగ్గా ఐదు రోజులు" అన్నాడు నీరసంగా.

"అయితే ఎవరో మోశారు" అన్నాడు బావ.

"ఎవరో ఏంటి బావా, మిగిలే ఆ ఒక్కడే మోసుంటాడు" అన్నాడు బావమరిది. ఆ మాటతో ఐదుగురూ ఒకళ్లనొకళ్లు ఎగాదిగా చూసుకున్నారు. టీ కప్పులు ఎక్కడివక్కడే వదిలేసి ఎవరి చోటికి వాళ్లు పోయారు.

కాసేపటికి మాస్టారు మెళ్లో టేపు సర్దుకుంటూ గాజు గదిలోకి వచ్చాడు. "సార్" అన్నాడు. అంతవరకూ "ఏమయ్యా" అని పిలవడమే తప్ప ఆయన నోట సార్ అన్న మాట వచ్చింది లేదు. ఇన్‌ఛార్జిగారు అది కూడా గమనించే స్థితిలో లేడు.

"రండి మాస్టారూ, సమయానికొచ్చారు. ఒక్క మనిషి ఒక్క గొయ్యి తవ్వాలంటే ఎన్నాళ్లు పడుతుందంటారు?"

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను తవ్వలేదు సార్. వాళ్లు తవ్వుతుంటే పక్కన నిలబడ్డానంతే."

"పక్కన నిలబడితే లెక్కలోకి రారు మాస్టారూ. తవ్వినవాళ్లదే లెక్క."

"అంటే, లెక్కలో నేను లేనట్టేనా?"

"మీరెందుకుంటారు?" అన్నాడు ఇన్‌ఛార్జిగారు, పైకప్పు వైపు చూస్తూ.

మాస్టారు తలుపు పట్టుకుని బయటికొచ్చాడు. ఆ మాట ఆయనకు 'పనిలో మీరెందుకుంటారు' అన్నట్టే వినబడింది; ఇంత వయసొచ్చాక కొత్త చోట పని ఎవరిస్తారన్న దిగులు పట్టుకుంది. బల్ల దగ్గరికి చేరి కత్తెర అందుకుని, మిగిలిన తానులన్నీ వరసపెట్టి కోయడం మొదలుపెట్టాడు.

తర్వాత బావమరిది వంతు. "సార్, ఎవర్నో ఒకర్ని తీసేయాల్సే వస్తే మా బావని తీసేయండి. ఆయనకి నేనున్నాను, ఇంత తిండి పెట్టుకుంటాను. నన్ను తీసేస్తే మాత్రం ఆయన నాకు మంచినీళ్లు కూడా ఇవ్వడు."

"ఒకర్ని కాదయ్యా, నలుగుర్ని తీసేయాలి. మీ బావ ఒక్కడూ పోతే సరిపోదు."

"అయితే వాళ్లనీ తీసేయండి సార్" అన్నాడు బావమరిది ఉదారంగా.

"ఆ ముక్క నువ్వు చెప్పాలా? తీసేసిన తర్వాతే కదా అసలు చిక్కు" అంటూ ఇన్‌ఛార్జిగారు నుదురు రుద్దుకున్నాడు.

ఇక చూడాలి ఆ కార్ఖానా. మిగిలేది ఒక్కరే అయినప్పుడు, ఐదుగురి పనీ ఒంటిచేత్తో చేసేవాళ్లే మిగులుతారని ఎవరికి వాళ్లే తేల్చుకున్నారు. మిషన్లు ఊపిరి తీసుకోలేదు. టిఫిన్ డబ్బాల మూతలు తెరుచుకోలేదు. మాస్టారు కోసిన గుడ్డ కింద పడకముందే రేడియో అందుకునేది. కుట్టడం పూర్తికాకుండానే ఇస్త్రీ ఆయన అటు కొస నుంచి పెట్టె తోసుకొచ్చేవాడు. బావా బావమరుదులు మాటల్లేకుండా పోటీపడి కుట్టేశారు. రేడియో మధ్యాహ్నమంతా నోరు మెదపలేదంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఈ హడావుడిలో ఒక్క పిసరు కూడా గాజు గదిలోకి పోలేదు. లోపల ఇన్‌ఛార్జిగారు బల్ల మీద ఐదు దారపు రీళ్లు నిలబెట్టి, వాటి ముందు ఐదు గుండీలు పెట్టి, తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఎండ వాలుతుండగా ఆయన బుర్రలో దీపం వెలిగింది. ఐదుగురూ ఒకేసారి మొదలుపెట్టి ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకున్నారు. అంటే ఒక్కొక్కడికీ ఐదు రోజులూ పట్టినట్టే కదా. పక్కన నలుగురున్నా లేకపోయినా వాడికి పట్టేది అంతే.

ఆ ఆనందంలో తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడ్డాడు. "ఐదు రోజులు. ఒక్క రోజు పెరగదు, తగ్గదు. తేలిపోయింది" అని ప్రకటించి, అక్కకు ఫోన్ చేయడానికి లోపలికి పోయాడు.

"ఐదు రోజులే గడువట" అన్నాడు ఇస్త్రీ ఆయన. బావ మొహం తిప్పుకుని బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వచ్చారు ఓనరుగారు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. హోటలు వాళ్ల కర్టెన్లన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి నడుమెత్తు దొంతర్లుగా ఉన్నాయి. "రేపు సాయంత్రానికి కదయ్యా నేనడిగింది?" అన్నారు.

అక్కకు ఫోన్ మోగుతుండగానే బయటికొచ్చిన ఇన్‌ఛార్జిగారు ఆ దొంతర్లను అప్పుడే చూశాడు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే. అయినా తేరుకుని, చొక్కా కాలరు సర్దుకుని, "ఏదో, మీ దయవల్ల" అన్నాడు.

"ఇక నీకు తిరుగులేదయ్యా. ఆ కుర్చీ నీదే" అన్నారు ఓనరుగారు. ఇన్‌ఛార్జిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో దాచిన ఆ ఒక్క మాటా ఇక ఎప్పటికీ చెప్పక్కర్లేదు.

అయితే నీళ్లు తిరిగింది ఆయన కళ్లలో మాత్రమే కాదు. రేడియో భోరుమంది. "పనంతా అయ్యాక ఐదు రోజుల గడువిచ్చి నలుగుర్ని తీసేస్తున్నారండీ. ఇదెక్కడి న్యాయమండీ?"

"ఎవర్నడిగి తీసేశావయ్యా?" అన్నారు ఓనరుగారు.

"నేనా? ఎవర్ని తీసేశానండీ?" అన్నాడు ఇన్‌ఛార్జిగారు తెల్లబోయి. ఇంతలో అక్క ఫోనెత్తింది. ఆయన స్పీకరు నొక్కి, "అక్కా, పొద్దున నువ్విచ్చిన లెక్క కాస్త గట్టిగా చదువు" అన్నాడు ప్రాధేయపడుతూ.

అక్క బడిగొంతు కార్ఖానా అంతా మోగింది. ఐదుగురు మనుషులు, ఐదు రోజులు, ఐదు గోతులు. నలుగుర్ని తీసేస్తే. ముందు బావ నవ్వాడు, తర్వాత మాస్టారు, చివరికి కడుపు పట్టుకుని ఓనరుగారు. ఇన్‌ఛార్జిగారు కూడా గుండెల నిండా ఊపిరి తీసుకుని నవ్వాడు. కథ అక్కడ ఆగినా బాగుండేది.

"అదా సంగతి. అందుకేనా సార్ పొద్దున్నుంచీ గది దాటలేదు?" అంది రేడియో కళ్లు తుడుచుకుంటూ. భయం పోయేసరికి ఆమె గొంతు మళ్లీ పలికింది.

"పొద్దున్నుంచీనా?" అన్నారు ఓనరుగారు, నవ్వు ఆపి.

"ఇవాళేముందండీ, రోజూ ఇంతేగా. నిన్న రైళ్లంటూ, మొన్న నీళ్ల తొట్టంటూ లోపల గొణుక్కున్నదీ ఈ లెక్కలేనన్నమాట."

ఓనరుగారు కర్టెన్ల దొంతర్లను చూశారు. తర్వాత గాజు గదిలో బల్ల మీద నిలబడ్డ రీళ్లను, గుండీలను చూశారు. "అంటే ఇక్కడ ఎవరూ చూడకపోయినా పని ఒక రోజు ముందే అయిపోయిందన్నమాట. ఈ ఐదుగుర్లో ఎవర్నీ తీసేయక్కర్లేదయ్యా. ఆరో మనిషిని ఆ గదిలోంచి తీసేస్తే లెక్క సరిపోతుంది."

ఐదు రోజులుగా తాము కోరుకున్నదే జరిగినా, మాస్టారు తల ఎత్తలేకపోయాడు. రేడియో గబగబా వెళ్లి కిటికీ పక్క మిషను మీది దుమ్ము తుడిచింది. బావమరిది నూనె వేశాడు. "రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు మాస్టారు మెల్లగా. ఇన్‌ఛార్జిగారు కొత్త చొక్కా చేతులు పైకి మడుచుకుని వెళ్లి కూర్చున్నాడు. ఇంటికెళ్లి ఏ మాటతో మొదలుపెట్టాలో ఆయనకు తోచలేదు.

చేతిలో ఫోను ఇంకా పలుకుతూనే ఉంది. "ఏమైందిరా అక్కడ? ఇంతకీ నా లెక్కకి జవాబు చెప్పవేం? ఒక్కడు ఒక్క గొయ్యి తవ్వడానికి ఎన్ని రోజులు?"

ఆయన సూదిలో దారం ఎక్కించి, కొస బిగించి, అప్పుడు చెప్పాడు.

"ఐదు రోజులక్కా. సొంత గొయ్యైతే మాత్రం ఒక్క పూట చాలు."