అంకమ్మరావు కొలెస్ట్రాల్

శ్రావణ మాసంలో ఒక ఉదయం అంకమ్మరావు ఒంట్లోని చెడ్డ కొలెస్ట్రాల్ బయటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, వసారాలో బెంచీ మీద కూర్చుంది. ఆ ఏడు నరసరావుపేటలో చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతోంది కాబట్టి వీధిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వార్డు ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి దాన్ని కుటుంబ సభ్యుల జాబితాలో రాసుకుంది. ఏమవుతారని రాయాలో తెలియక పైవాళ్లకు ఫోన్ చేస్తే, రక్తసంబంధమే కదా, అలాగే రాయమన్నారు.

అది లేత పసుపు రంగులో, బొద్దుగా, చూడటానికి అచ్చం అంకమ్మరావు తమ్ముడిలా ఉంది. మాట నెమ్మది. కాకపోతే అది లేచి నాలుగడుగులు వేసినప్పుడల్లా అంకమ్మరావుకు ఆయాసం వచ్చేది. అందుకని ఆయనే మంచినీళ్లు, పేపరు దాని దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు.

ఆయన భార్య వజ్రమ్మ బస్టాండు దగ్గర బజ్జీల బండి నడుపుతుంది. బండి మీద పామాయిలు వాడుతుంది. రాత్రి బాణలిలో మిగిలిన నల్లటి నూనెను ఇంటికి తెచ్చి కూరల్లో పోస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఇంట్లో అదే నూనె. ఆమె భర్తనూ కొలెస్ట్రాల్‌నూ ఆటో ఎక్కించి డాక్టర్ ఫరీదా దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టర్ ఇద్దరికీ బీపీ చూసింది. బయటికొచ్చింది ఎల్లకాలం బయటే ఉండదని, అయితే కరిగిపోతుందని, లేదంటే మళ్లీ లోపలికి పోయి గుండె దగ్గర దారి మూసేస్తుందని చెప్పింది. బాణలి నూనె మానేసి పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ లాంటి గింజల నూనెలు కొద్దికొద్దిగా వాడమంది.

"గింజలో అంత ఏముందమ్మా?" అని వజ్రమ్మ అడిగింది.

"ఆ నూనెల్లో కొవ్వు తీరే వేరు. అవి వాడుతుంటే లివర్ దీన్ని రక్తంలోంచి లాగేసుకుంటుంది. మంచిదన్నారు కదా అని గరిటెలతో పొయ్యొద్దు."

పక్క కుర్చీలోని కొలెస్ట్రాల్ అంతా శ్రద్ధగా విని, నిజమేనన్నట్టు తలూపింది.

వజ్రమ్మకు అది కరగడం కళ్లారా చూడాలనిపించింది. కుసుమ నూనెతో పప్పుకు తాలింపు వేసి, వసారాలోకి వచ్చి దాని ముఖం చూసేది. కొన్ని వారాలకు దాని చొక్కా వదులైంది. నిజంగా నూనె వల్లేనా అని అనుమానమొచ్చి, మధ్యలో పాత నూనెతో వంకాయ వేపుడు చేసి చూసింది. దాని బుగ్గలు మళ్లీ నిండాయి. అంకమ్మరావు మెట్ల దగ్గర గోడ పట్టుకుని కూలబడ్డాడు. వజ్రమ్మ ఆయన గుండె మీద చెయ్యి వేసి, దడ తగ్గే దాకా తియ్యలేదు. ఆ తర్వాత ఆమె పరీక్షలు మానుకుంది.

దసరా వెళ్లేసరికి అది పలచబడి, వెనకున్న గోడ కనిపించేలా తయారైంది. వెళ్లేముందు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బండి మీద కూడా నూనె మార్చావా అమ్మా?"

"అక్కడ మారిస్తే బజ్జీ రేటు పెంచాల. పెంచితే ఎవరు తింటారు?"

"అయితే మావాళ్లకేం ఇబ్బంది లేదు" అని, అది అంకమ్మరావుకు చెయ్యి ఊపి, గాలిలో కలిసిపోయింది. ఆయన హాయిగా ఊపిరి తీసుకుని, చాలా రోజుల తర్వాత బజారు దాకా నడిచి వెళ్లి వచ్చాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆయనే బండి దగ్గర పొట్లాలు కడుతున్నాడు. ఒక్కో మనిషి వెనక ఒక్కో పసుపు రంగు మనిషి నిలబడటంతో బండి దగ్గర చోటు చాలడం లేదు. వాళ్లను పక్కన వేరే వరసలో నిలబెట్టాలని మున్సిపాలిటీ చెప్పింది. వజ్రమ్మ అలాగే తాడు కట్టించింది.

మొన్న కాలేజీ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆమె వెనక ఇంకా ఎవరూ లేరు. పరిశీలనగా చూస్తే, జడ పక్కన లేత పసుపుగా ఒక భుజం, ఒక చెవి మాత్రం రూపుకడుతున్నాయి. వజ్రమ్మ వాటినే కాసేపు చూసింది. రోజూ వచ్చే పిల్ల కదా అని, పొట్లంలో ఒక బజ్జీ ఎక్కువ వేసింది.