కనకరాజుగారి గంజాయి నిర్మూలన

"కాన్‌బెర్రా తెలుగు జాతిని గంజాయి కోరల్లోంచి సమూలంగా పెకలించి తీరుతాను!" అని సమస్త తెలుగు మహామండలి అధ్యక్షులు కనకరాజుగారు మార్చి మొదట్లో ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో ప్రకటించారు. ఆయనది మైకు ఉన్నా అక్కర్లేని గొంతు. పెకలించేది గంజాయినా, జాతినా అన్నది ఆ వాక్యంలో అంత స్పష్టంగా లేదు. అయినా జనం చప్పట్లు కొట్టారు. అదే సమయానికి వెనక బిర్యానీ గిన్నెల మూతలు తీసిన చప్పుడు కావడంతో ఇంకాస్త గట్టిగా కొట్టారు.

ఉగాదికి మండలి ఎన్నికలు. ఇన్నాళ్ళూ అధ్యక్షుడిగా ఉండి ఏం పీకారని ప్రత్యర్థి రామానుజం రోజూ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ బదులు అడుగుతున్నాడు. ప్రజాస్వామ్యంలో ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. కనకరాజుగారు నడుం బిగించారు.

కమిటీ వేశారు. లోగో గీయించారు. టీషర్టులు అచ్చు వేయించారు. అన్నీ సిద్ధమయ్యాక చూసుకుంటే ఒక్కటే లోటు తేలింది. గంజాయి లేదు. కార్యదర్శి భార్గవ్ ఊరంతా ఫోన్లు చేశాడు. ఆ కోరల్లో చిక్కుకున్న తెలుగువాడు ఒక్కడూ దొరకలేదు. అందరూ హోమ్‌లోన్ కోరల్లో ఉన్నారు. "మామూలు నిద్రకే టైమ్ లేదు బాసూ, మత్తు నిద్ర ఎక్కడ?" అని కొందరు విసుక్కున్నారు కూడా.

చివరికి ఒక్క ఉపేంద్ర ఇంట్లో ఉందని తెలిసింది. ఉద్యమానికి ఊపిరి వచ్చింది.

ఉపేంద్ర గవర్నమెంటు ఆఫీసులో స్ప్రెడ్‌షీట్లు చేసుకుంటూ, ఊరి ఉత్తరాన గంగాలిన్ పేటలో ఇల్లు కట్టుకుని, ఎవరి జోలికీ పోకుండా బతికే మనిషి. కారెక్కి సిడ్నీ పోతే నేరమయ్యే పని కాన్‌బెర్రాలో సొంత పెరట్లో చేసుకోవచ్చు. చట్టం ప్రకారం మనిషికి రెండు గంజాయి మొక్కలు, ఇంటికి నాలుగు. అమ్మకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, పిల్లలకు అందకూడదు. ఉపేంద్ర మడి చుట్టూ కంచె కట్టి తాళం వేశాడు. అతను పీల్చడు. ఒకే ఒక్కసారి పీల్చాడు. స్ప్రెడ్‌షీటు అందంగా కనపడేసరికి హడలిపోయి మానేశాడు.

అతని పిచ్చి వేరే. శంకరుడికి ప్రీతి అయిన ఆ మొక్కను సంకరం చేయడం. కొండజాతి ఆడమొక్క ఒకటి, తాటిచెట్టుకు చెల్లెల్లా పెరిగి, పువ్వు ముదిరేలోపే మంచుకి చచ్చేది. పొట్టిజాతి మగమొక్క ఒకటి, ఎండలుండగానే పని ముగించుకునేది గానీ చిన్న గాలికే ఒరిగేది. ఈ రెండింటికీ పెళ్ళి చేసి, పిల్లల్లో మంచివాటిని ఏరి, మళ్ళీ వాటికి పెళ్ళి చేసి, ఐదేళ్ళుగా వియ్యాలు కలుపుతూనే ఉన్నాడు. ఏడాదికి నాలుగు మొక్కలకు మించి చూసే వీల్లేదు. అత్తగారు వస్తే కోటా పెరుగుతుందని సీతారావమ్మగారి వీసాకి తనే పరుగెత్తి అప్లై చేశాడు. అల్లుడి ప్రేమకి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ దిగాక తెలిసింది, ఇంట్లో ఎంతమంది ఉన్నా నాలుగే అని. ఆవిడ మాత్రం ఊరికే కూర్చోకుండా కంచె పక్కనే గోంగూర మడి వేసింది.

ఈ ఏడు ఉపేంద్ర పంట పండింది. ఒక మొక్క మనిషెత్తు లేచింది. పక్కింటివాళ్ళ ట్రాంపొలీన్ ఎగిరి వీధిలో పడిన గాలికి కూడా అది తల ఊపిందే తప్ప వేరు కదపలేదు. దాని కొమ్మలకు ఉపేంద్ర పెయింటింగ్ బ్రష్‌తో పుప్పొడి అద్దాడు. గింజ కట్టింది. ఇంకొక మూడు వారాలు చెట్టునే ఉండి ముదిరితే అతని రకం నిలబడినట్టు. ఈలోపు పీకితే ఐదేళ్ళ కష్టమూ పచ్చిగింజే.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఉద్యమం హారన్ కొట్టింది.

"ఏవోయ్ ఉపేంద్రా, నీ దగ్గర గంజాయి ఉందటగా!" అన్నారు కనకరాజుగారు, వీధి చివర కుక్క కూడా లేచి చూసేలా.

"అది లీగల్ అన్నయ్యా."

"అదేనయ్యా మన అదృష్టం! ఇల్లీగల్‌ది పీకితే భయపడి పీకినట్టు. లీగల్‌ది పీకితే త్యాగం. ఫొటోకి త్యాగం బావుంటుంది."

"త్యాగం నాది కదా అన్నయ్యా, ఫొటో…"

"నువ్వూ ఉంటావోయ్. పక్కన. పశ్చాత్తాపంతో."

"తల కొద్దిగా దించాలన్నా, అంతే," అన్నాడు భార్గవ్, వేళ్ళతో ఫ్రేమ్ కట్టి చూసుకుంటూ.

"నేను తాగనే తాగను. పశ్చాత్తాపం దేనికి?"

"జనానికి అంత డీటెయిల్ అక్కర్లేదు," అన్నారు కనకరాజుగారు దయగా.

"ఒక్క మూడు వారాలు ఆగండి. గింజ ముదరనివ్వండి."

"అప్పటికి ఎలక్షన్ ముదిరిపోతుంది తమ్ముడూ."

ఉపేంద్ర భార్య నీరజ టీ కప్పులు టకటకా పెట్టింది. "మా మొక్కలు మేం పీకమండీ. అందులో రెండు నా పేరున ఉన్నాయి."

కనకరాజుగారు టీ చప్పరించారు. "ఉగాది ప్రోగ్రామ్‌లో మీ హరిప్రియ కూచిపూడి మూడో ఐటెమ్ కదమ్మా?"

"అవునండీ."

"మూడోదే ఉండాలని నా పట్టుదల. భోజనాల తర్వాత పెడదామని ఎవరో అన్నారు. అప్పటికి హాల్లో కుర్చీలు మడతపెట్టేవాళ్ళు తప్ప ఎవరుంటారు చెప్పు? నేను ఒప్పుకోలేదు." కప్పు కింద పెట్టారు. "ఇంకా ఒప్పుకోలేదు."

పెరట్లో ఎక్కడో కాకటూ చిలుక అరిచింది. నీరజ ఉపేంద్ర వంక చూసింది. ఉపేంద్ర మొక్క వంక చూశాడు.

"పొట్టిది ఒకటి పీక్కోండి," అంది నీరజ. "నా వాటాలోది."

"డాడ్, ఐ డోంట్ ఈవెన్ వాంట్ టు డాన్స్," అంది హరిప్రియ లోపల్నించి. చారిత్రక ఒప్పందాలు కుదిరేటప్పుడు ఇలాంటివి ఎవరికీ వినపడవు.

ఆదివారం పెరడు పట్టనంత జనం. ఒక మూల బార్బెక్యూ పొయ్యి మీద పనీరు కాలుతోంది. "వేళ్ళతో సహా" అని బేనరు. కనకరాజుగారు ఖద్దరు కట్టి, ఉద్యమ టీషర్టు దానిమీద తొడిగారు. ఉపన్యాసం ముగించి పొట్టిమొక్క దగ్గర వంగబోతుంటే భార్గవ్ చెవిలో అన్నాడు: "సార్, ఇది ఫ్రేములోకి రావట్లేదు. మీరు కొత్తిమీర కోస్తున్నట్టుంది."

కనకరాజుగారు తలెత్తి చూశారు. మనిషెత్తు మొక్క కనపడింది. మహానాయకులకు తమ స్థాయి శత్రువును గుర్తించడానికి క్షణం చాలు.

"అన్నయ్యా, అది కాదు! మనం అనుకున్నది అది కాదు!" ఉపేంద్ర ముందుకు పరుగెత్తాడు.

"అద్భుతం ఉపేంద్రన్నా, ఆ బాధ అలాగే ఉంచండి," అన్నాడు భార్గవ్. "లైవ్‌లో ఉన్నాం."

కనకరాజుగారు మొదలు పట్టుకుని లాగారు. మొక్క రాలేదు. రెండు చేతులా లాగారు. రాలేదు. ఆయన చేతివేళ్ళు ఒకవైపు, మొక్క వేళ్ళు ఒకవైపు. భార్గవ్ ఫోను ఇంకొకరికిచ్చి వచ్చి ఆయన నడుం పట్టుకున్నాడు. భార్గవ్ నడుం కమిటీ పట్టుకుంది. ఉపేంద్రకి సగం భయం, సగం గర్వం. ఇటువంటి పరీక్ష ఏ యూనివర్సిటీ పెట్టదు.

"పీకుతున్నారా, పట్టుకుని వేలాడుతున్నారా?" అన్నాడు రామానుజం వెనకనుంచి.

కనకరాజుగారి నడుంలో ఏదో టక్కుమంది. కెమెరా ముందు కాబట్టి ఆయన దాన్ని చిరునవ్వుగా మార్చారు.

అప్పుడు సీతారావమ్మగారు చెంగు దోపుకుని ముందుకొచ్చింది. అల్లుడి మొహం చూసింది. తన మడి చూసుకుంది. ఒక్క నిట్టూర్పు విడిచింది.

"అది ముసలిది నాయనా, రాదు. ఇదిగో, ఈ పక్కదీ గంజాయే. లేతది. ఇది పీకు."

అక్కడున్న ప్రతి తెలుగు ప్రాణికీ, పాలపళ్ళ పిల్లలతో సహా, అది ఏమిటో తెలుసు. కనకరాజుగారికీ తెలుసు. ఆయన ఒక్క చేత్తో పట్టుకున్నారు. మొక్క మర్యాదగా లేచి వచ్చింది. ఆకాశానికెత్తి పట్టారు. చప్పట్లు! ఇంకొకటి. ఇంకొకటి. మడి మొత్తం నిర్మూలన అయిపోయింది.

"ఈ విషాన్ని ఏం చేద్దాం?" అని కనకరాజుగారు గర్జించారు.

"మేం నాశనం చేస్తామండీ!" అని ఆడవాళ్ళు ఒక్కసారిగా ముందుకొచ్చారు. సంఘసేవ కోసం అంత తోపులాట కాన్‌బెర్రాలో అంతకు ముందు జరగలేదు. కొందరు కార్లోంచి సంచులు తెచ్చుకున్నారు. "విషం ఎర్రదా తెల్లదా వదినా?" అని ఎవరో అడిగారు. "ఎర్రది, బాగా పులుపు," అని ఎవరో చెప్పారు. ఇది గోంగూర కదయ్యా అని అరవడానికి రామానుజం నోరు తెరిచాడు. కానీ అప్పటికే అతని చేతిలో రెండు కట్టలున్నాయి. నోరు మూసుకుని భార్యకు అందించాడు.

ఆ వారం కాన్‌బెర్రా తెలుగు ఇళ్ళల్లో విషం రకరకాలుగా నాశనమైంది. కొందరు పప్పులో వేసి, కొందరు మాంసంలో వేసి, దూరదృష్టి ఉన్నవాళ్ళు ఎండుమిరపకాయలు వేయించి జాడీల్లో పెట్టి.

ఉగాదికి కనకరాజుగారు భారీ మెజారిటీతో గెలిచారు. ఐక్యత కోసం రామానుజాన్ని ఉపాధ్యక్షుణ్ణి చేశారు. హరిప్రియ మూడో ఐటెమ్‌గా అయిష్టంగా, అందంగా ఆడింది. పెరట్లో గింజలు గోధుమరంగు తిరిగాయి. ఉపేంద్ర వాటిని దులిపి, ఆరబెట్టి, గాజుసీసాలో పోసి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఫ్రిజ్‌లో పెట్టాడు. సీజన్ రాగానే నాలుగూ అవే వెయ్యాలనుకున్నాడు.

సెప్టెంబరులో కనకరాజుగారు నడుముకి బెల్టుతో వచ్చారు. వెనకే రామానుజం.

"తమ్ముడూ, ఇక నిర్మూలన ఏటా చెయ్యాలని మండలి తీర్మానం. సిడ్నీ పాండ్స్ పేట నుంచి, మెల్‌బోర్న్ నుంచి ప్రతినిధులొస్తున్నారు. ఈసారి గోంగూరతో కుదరదు. అసలుదే కావాలి. ఆకు పెద్దదిగా ఉండాలి. నా భుజం ఎత్తు రావాలి. కానీ ఒక్క చేత్తో పీకితే వచ్చెయ్యాలి."

"ఐదేళ్ళ నుంచి నేను వేరు గట్టిపడాలనే కదా అన్నయ్యా…"

"వేరు ఫొటోలో పడదోయ్."

"నాది గంజాయి విముక్తి దినం. వేరే ఆదివారం," అన్నాడు రామానుజం. "నాకూ అవే కొలతలు. ఎత్తు మాత్రం ఆయనదానికన్నా కొంచెం ఎక్కువ."

"ఇంకొకరికి ఇవ్వడం నేరమండీ."

"ఇవ్వొద్దు. నీ దగ్గరే పెంచు. మేమే వచ్చి పీకుతాం," అన్నారు కనకరాజుగారు. "ఇంటికి నాలుగు కదా? రెండు నాకు, రెండు రామానుజానికి."

"మరి నా గింజలు?"

కనకరాజుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "తొందరెందుకయ్యా. గంజాయి పూర్తిగా నిర్మూలన కానీ. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు పెంచుకో."

నవంబరులో ఫోను మోగింది. ఉపేంద్ర పెరట్లో ఉన్నాడు. ఐదేళ్ళుగా వేరులో బలం లేదని ఏరి పారేస్తూ వచ్చిన బాపతు నాలుగు మొక్కలు విశాలమైన ఆకులతో కళకళలాడుతున్నాయి. గాలికి పడిపోకుండా ఒక్కొక్కదానికి కర్ర పాతి కడుతున్నాడు.

"ఏం తమ్ముడూ, మన ఉద్యమం ఎందాకా వచ్చింది?"

ఉపేంద్ర వంగి చూశాడు.

"మోకాలి దాకా వచ్చిందన్నయ్యా."

"శభాష్! ఎరువు వెయ్యి."