నిప్పు కొంచెం మిగల్చండి

"ఈ నౌకలో నిప్పు పుట్టదు. పుట్టడానికి మా ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు" అని పర్యాటక మంత్రిగారు రేవులో మైకు ముందు ప్రకటించారు. అటు సాగనంపడానికి వచ్చినవాళ్లూ, ఇటు ప్రయాణికులం మేమూ కలిసి చప్పట్లు కొట్టాం. నిప్పుతో ఇంత ఖరాఖండిగా మాట్లాడిన నాయకుణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. "అగ్నిరహిత నౌక" అని రాసిన బట్ట బ్యానర్లు డెక్కు మీదా, మెట్ల దగ్గరా, ఆఖరికి కింది క్యాబిన్ల ముందున్న సన్నటి నడవాలో కూడా కట్టారు.

అది ప్రభుత్వం వారి మొట్టమొదటి విహార నౌక. మొదటి ప్రయాణంలో పెద్ద వయసువాళ్లకు కొన్ని టికెట్లు ఉచితంగా ఇచ్చారు. మా ఆవిడ పోయాక నన్ను ఇంట్లో కూర్చోనివ్వకుండా ఎక్కడికో ఒకచోటికి లాక్కెళ్లే బాధ్యత వాళ్ల అక్క, అంటే మా వదిన తీసుకుంది. అలా ఆవిడా, మా తోడల్లుడూ, నేనూ ఎక్కాం. వదిన హైస్కూల్లో డ్రిల్ టీచరుగా రిటైరయింది. మోకాళ్లు అరిగిపోయాయి గానీ గొంతు అరగలేదు. తోడల్లుణ్ణి నేను అన్నయ్యా అని పిలుస్తాను. చాలా సాత్వికుడు. భోజనం కాగానే చెవిలో మిషన్ తీసి పక్కన పెట్టి, తలుపు గడియ వేసుకుని పడుకుంటాడు. ఇక ప్రళయం వచ్చినా లేవడు. కాఫీ వాసన తగిలితే లేస్తాడు.

నౌక నడిసముద్రంలోకి వెళ్లలేదు. తీరం కనపడకపోతే మంత్రిగారి కడుపులో తిప్పుతుందట. అందుకని రేవు చుట్టూనే నెమ్మదిగా తిరిగింది. అదీ మంచిదే అయింది. ఒడ్డున ఉన్న జనం మమ్మల్ని, మేము జనాన్ని హాయిగా చూసుకుంటూ ఉన్నాం. ఒడ్డున మైకు పట్టుకున్న పార్టీ కార్యకర్త గొంతు మాకు రేడియోలో వార్తల్లా వినిపిస్తూనే ఉంది.

నౌకలో ఎక్కడ చూసినా రిబ్బన్లే. ప్రతి సౌకర్యాన్నీ మంత్రిగారు విడివిడిగా ప్రారంభిస్తారు. ప్రారంభించేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. లిఫ్టుకు రిబ్బన్, ఈత కొలనుకు రిబ్బన్, ప్రమాద ఘంటకు రిబ్బన్, మంటలార్పే పైపుకు రిబ్బన్, లైఫ్ బోటుకు రిబ్బన్. మంత్రిగారు ఉదయం భోజనాల హాలునూ, కాఫీ మిషన్‌నూ ప్రారంభించి, భోంచేసి, విశ్రాంతికి వెళ్లారు. ముందు కాఫీ మిషన్‌తో మొదలుపెట్టడం వారి దూరదృష్టి అని తర్వాత నాకు అర్థమైంది. లిఫ్టు ఇంకా తెరవకపోయినా ఒక స్టీవార్డు వదిన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించాడు. దించి, "బరువేం లేరండీ" అని అబద్ధం కూడా చెప్పాడు. మంచి కుర్రాడు.

నిప్పు ఎలా పుట్టిందో చెబుతాను. భోజనాలయ్యాక మంత్రిగారు విశ్రాంతి గదిలోకి నడిచి వెళ్తారని, దారి పొడవునా నిలబడి చప్పట్లు కొట్టాలని సిబ్బందినంతా పైకి పిలిచారు. కింద ఇస్త్రీ గదిలో పనిచేస్తున్న అతన్ని కూడా రమ్మన్నారు. ఇస్త్రీ పెట్టెను ఎవరూ రమ్మనలేదు. అది కింద టేబుల్ గుడ్డ మీదే ఉండిపోయింది.

నేనూ వదినా డెక్కు మీద గాలికి కూర్చుని ఉన్నాం. మెట్ల లోంచి సన్నగా పొగ రావడం మొదలైంది. ఒడ్డున జనం మా కంటే ముందు చూశారు.

"చూడండి సోదరులారా, మన నౌక పొగ వదులుతోంది. ఇంజిన్ బలం అంటే అదీ" అంది మైకు.

జనం ఈలలు వేశారు. పక్కనే ఇంకో మైకు గరగరమంది. అది ఎదుటి పార్టీది. "ఈ నౌకకు శంకుస్థాపన చేసింది మేము. ఆ పొగ ఘనత మాది" అంది.

వదిన ముక్కు ఎగబీల్చింది. "మరిదిగారూ, ఇది ఇంజిన్ పొగ కాదు. గుడ్డ కాలుతున్న వాసన."

"ఇస్త్రీ గదిలోంచేమో" అన్నాను.

"ఇస్త్రీ గది పక్కనేగా మా క్యాబిన్" అంది వదిన, లేచి నిలబడుతూ. "మీ అన్నయ్య పడుకున్నాడు."

అప్పటికే కెప్టెన్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మంత్రిగారి పీఏ ఆయన వెనకాలే తిరుగుతున్నాడు. సేఫ్టీ ఆఫీసరు మంటలార్పే పైపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"గంట కొట్టిస్తానండీ" అన్నాడు కెప్టెన్.

"ప్రారంభం కాని గంట ఎలా కొడతారు?" అన్నాడు పీఏ.

"పైపు రిబ్బనైనా విప్పనివ్వండి."

"అది ప్రమాద గంట ప్రారంభం తర్వాతి ఐటెం. వరస తప్పితే ప్రోటోకాల్ ఏం కావాలి?"

"పోనీ మంత్రిగారిని లేపండి."

పీఏ ఆయన్ని జాలిగా చూశాడు. "నిద్ర లేచినప్పుడు వారు ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్లను బదిలీ చేస్తారు. మీరు లేపుతారా?"

కెప్టెన్ సముద్రం వైపు చూశాడు. అక్కడికి బదిలీ అయినవాడే కాబట్టి ఇంకెక్కడికి పంపుతారో తోచలేదు కాబోలు.

నిబంధన కోసం ఇంత నిబ్బరంగా నిలబడ్డ అధికారులను చూసి నా మనసు నిండిపోయింది. వదిన మనసు మాత్రం నిండలేదు. "మీరు మాట్లాడుకుంటూ ఉండండి నాయనా" అని వాళ్లతో చెప్పి, ప్రయాణికుల వైపు తిరిగి, స్కూల్ గ్రౌండులో అరిచినట్టు ఒక్క కేక పెట్టింది. "అందరూ వరసలో నిలబడండి. చేతికి చెయ్యి అందేలా."

వింత ఏమిటంటే, అందరూ నిలబడ్డారు. తలలు నెరిసినవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, భోంచేస్తూ మధ్యలో లేచొచ్చినవాళ్లు. ఇస్త్రీ గదికి ఎదురుగా లాండ్రీ. అందులో అప్పుడే ఉతికిన తడి దుప్పట్లు తొట్ల నిండా ఉన్నాయి. దుప్పటికి రిబ్బన్ కట్టాలని ఎవరికీ తోచలేదు. అది దేవుడి దయ. చేతులు మారుతూ దుప్పట్లు వెళ్లాయి. ఇస్త్రీ అతను, పాపం, చప్పట్లు కొట్టి కొట్టి ఎర్రబడ్డ చేతులతోనే వాటిని మంట మీద పరిచాడు.

నన్ను వదిన క్యాబిన్ దగ్గరికి తరిమింది. నేను తలుపు బాదాను. తన్నాను. "అన్నయ్యా" అని గొంతు చించుకున్నాను. లోపల్నించి గురక తప్ప జవాబు లేదు. పొగ తలుపు కిందినుంచి లోపలికి పోతోంది.

"పొగకి లేవడండీ ఆయన" అంది వదిన, గోడ పట్టుకుని మెట్లు దిగుతూ. "కాఫీ పట్రండి."

పరుగెత్తాను. కాఫీ మిషన్ ప్రారంభమైందే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. పొగలు కక్కే కప్పు తెచ్చి తలుపు కింద పెట్టి, ఆనాటి కార్యక్రమ పత్రంతో ఆవిరిని లోపలికి విసిరాను. ఇటు ఇస్త్రీ పొగ, అటు కాఫీ ఆవిరి. రెండూ కలిసే లోపలికి వెళ్లాయి. కాసేపటికి గురక ఆగింది. గడియ తీసిన చప్పుడైంది.

"చక్కెర తక్కువ వెయ్యమన్నావా?" అన్నాడు మా తోడల్లుడు, చెవి మిషన్ తగిలించుకుంటూ. అప్పుడు నడవా అంతా చూసి, "ఏమిటీ పొగ?" అన్నాడు.

వదిన ఆయన చొక్కా కాలరు సర్దింది.

ఇస్త్రీ గదిలో మంట దాదాపు చల్లారిపోయింది. అందరం ఒకళ్ల మసి ముఖాలు ఒకళ్లం చూసుకుని నవ్వుకుంటున్నాం. అప్పుడు పీఏ మెట్ల మీంచి జారుతూ వచ్చాడు.

"ఆర్పేశారా?"

"ఆర్పేశాం" అన్నారంతా సంతోషంగా.

ఆయన ముఖం పాలిపోయింది. "మొత్తం?"

"ఒక మూల కొంచెం ఉంది. అదీ ఆర్పేస్తున్నాం."

"ఆగండి. దండం పెడతాను, నిప్పు కొంచెం మిగల్చండి" అని నిజంగానే చేతులు జోడించాడు. "అయ్యగారు లేచారు. పొగ వాసన చూసి చాలా ఉత్సాహంగా ఉన్నారు. పైపు ప్రారంభం ఇప్పుడే అన్నారు. వచ్చేసరికి నిప్పు లేదంటే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో ముసలి తల్లి ఉంది సార్."

జనానిది జాలిగుండె. కాలుతున్న గుడ్డపేలికలు కొన్ని ఏరి ఇనప బకెట్లో వేశారు. అది ఆరిపోకుండా ఒకాయన కార్యక్రమ పత్రాలు చింపి చింపి అందులో వేస్తూ కూర్చున్నాడు. పసిపిల్లకు అన్నం పెట్టినంత ఓపికగా.

"ఫొటోలో నేల తడిగా కనిపిస్తే బాగుండదు" అని పీఏ దుప్పట్లన్నీ పైకి పంపించి డెక్కు మీద ఆరేయించాడు. తర్వాత మమ్మల్నందరినీ ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు కాపాడటానికి ఒక ప్రయాణికుడు కావాలి. కాస్త వయసు మళ్లినాయన అయితే పేపర్లో నిండుగా ఉంటుంది."

అందరూ మా తోడల్లుడి వైపు చూశారు.

"వద్దు" అంది వదిన.

"ఊరికే పడుకోవడమేనమ్మా. అయ్యగారు పైపుతో ఆర్పుతారు, తలుపు తీస్తారు, చెయ్యి పట్టుకుని బయటికి తెస్తారు. అంతే."

"నా జీవితంలో నన్నెవరూ కాపాడలేదు" అన్నాడు తోడల్లుడు, కొంచెం సిగ్గుపడుతూ.

"ముప్పావుగంట క్రితం నేను కాపాడాను" అంది వదిన.

"నువ్వు వేరు" అన్నాడాయన. లోపలికి వెళ్లాడు. తలుపు దగ్గరగా వేసి ఉంచితే చాలని పీఏ చెప్పాడు. బకెట్టు ఆ తలుపు ముందే పెట్టారు.

మంత్రిగారు వచ్చారు. వెల్వెట్ పళ్లెంలో కత్తెర వచ్చింది. డెక్కు మీంచి రిబ్బన్ తో సహా పైపు వచ్చింది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు వచ్చారు. మంత్రిగారు బకెట్టు ముందు నిలబడి, నిప్పు గురించి, నీరు గురించి, రెండింటి మధ్య తమ ప్రభుత్వం పాటిస్తున్న సమతూకం గురించి మాట్లాడారు. కార్యక్రమ పత్రాలు అయిపోవచ్చాయి. బకెట్టు దగ్గరున్నాయన నా చేతిలో పత్రం కూడా అడిగి తీసుకున్నాడు. ప్రసంగం మధ్యలో తలుపు వెనక టక్కుమని గడియ పడిన చప్పుడు, కాసేపటికి గురక వినిపించాయి. పాపం, అలవాటు. పడుకోమన్నారు కదా అని చెవి మిషన్ తీసి పక్కన పెట్టి ఉంటాడు.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. పైపు బకెట్టుకు గురిపెట్టారు. సేఫ్టీ ఆఫీసరు చక్రం తిప్పాడు.

పైపులోంచి గాలి వచ్చింది.

మంచి జోరైన గాలి. "నీళ్ల కనెక్షన్ రెండో ఫేజ్‌లో ఉందండి. ఇప్పటికి గాలి పెట్టి టెస్టింగ్ చేశాం" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు, వినయంగా. ఈ మాట పూర్తయ్యేలోగా బకెట్లో నిప్పు భగ్గున లేచి, పైన కట్టిన "అగ్నిరహిత నౌక"లో మొదటి రెండు అక్షరాలను అందుకుంది. అక్కణ్నుంచి కర్టెన్. కర్టెన్ మీంచి మా తోడల్లుడి క్యాబిన్ తలుపు మీది రంగు.

ఫొటోగ్రాఫర్లు తీశారో లేదో తెలియదు. పొగలో నాకు మంత్రిగారు కనపడలేదు. పీఏ కనపడలేదు. పళ్లెం కింద పడి ఉంది. కత్తెర లేదు.

"దుప్పట్లు" అని అరిచింది వదిన.

దుప్పట్లు పైన ఎండలో ఫెళఫెళలాడుతున్నాయి. ఈసారి వదిన కుర్చీ కోసం ఆగలేదు. ఆ మోకాళ్లతోనే మెట్లెక్కింది. ఆ స్టీవార్డు కుర్రాడు వెనక నించి చేతులాన్చి నిలిపాడు. దుప్పట్లు లాగి, ముంచడానికి చూస్తే ఎదురుగా ఈత కొలను. నిండుగా నీళ్లు. చుట్టూ రిబ్బన్.

వరసలో అందరం ఒక్క క్షణం ఆగాం. పెద్దవాళ్లం, చిన్నప్పటి నుంచీ గీత దాటకుండా పెరిగినవాళ్లం. రిబ్బన్ కిందనుంచి వంగి దూరదామా అని ఒకాయన అడిగాడు కూడా.

వదినకు వంగడం రాదు. అలాగే అడ్డంగా నడిచేసింది. రిబ్బన్ ఆవిడ నడుముకు చుట్టుకుని తెగింది.

ఒడ్డు మీంచి చప్పట్లు మోగాయి. "ఈత కొలను ప్రారంభమైంది సోదరులారా" అంది మైకు.

దుప్పట్లు కొలనులో మునిగాయి, చేతులు మారాయి, కిందికి దిగాయి. కెప్టెన్ టోపీ తీసి పక్కన పెట్టి వరసలో నిలబడ్డాడు. సేఫ్టీ ఆఫీసరు కూడా నిలబడ్డాడు. నా పక్కనే. చాలా వేగంగా అందించాడు, ఆ మాట చెప్పకపోతే తప్పు. మూడో వరస దుప్పట్లకు మంట తలవంచింది. తలుపు సగం నల్లబడి నిలబడింది. దాని వెనక గురక.

ఆ గురక వింటూ వదిన నేల మీద చతికిలబడిపోయింది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది. "కాఫీ పట్రండి మరిదిగారూ" అంది.

కాఫీ కోసం పైకి వెళ్లినప్పుడు సముద్రం వైపు చూశాను. లైఫ్ బోటు ఉండవలసిన చోట రెండు ముక్కలైన రిబ్బన్ గాలికి ఊగుతోంది. అంచులు చక్కగా ఉన్నాయి, కత్తెరతో కోసినట్టు. బోటు ఒడ్డు వైపు చాలా దూరం వెళ్లిపోయింది. అందులో ఇద్దరే ఉన్నారు. తెడ్లు వేస్తున్నది పీఏ. మంత్రిగారు ప్రసంగం లేకుండా చేసిన ప్రారంభోత్సవం ఆ రోజు మొత్తంలో అదొక్కటే.

"లైఫ్ బోటు సేవలను మంత్రిగారు స్వయంగా ప్రారంభించి, స్వయంగా పరీక్షిస్తున్నారు" అంది మైకు. జనం పూలదండలు పట్టుకుని నీళ్లలోకి దిగారు.

నేను కప్పు తెచ్చి తలుపు కింద పెట్టి ఆవిరిని లోపలికి విసిరాను. ఈసారి చేత్తోనే. గడియ తీసి తోడల్లుడు బయటికి వచ్చాడు. ఫొటో కోసం తల దువ్వుకున్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. నల్లబడ్డ తలుపునూ, మమ్మల్నీ, నడుముకు రిబ్బన్ చుట్టుకుని నేల మీద కూర్చున్న పెళ్లాన్నీ చూసి, మిషన్ చెవిలో పెట్టుకున్నాడు.

"మంత్రిగారు కాపాడేశారా?"

"కాపాడేశారు అన్నయ్యా" అన్నాను.

"ఎవర్ని?"

నేను కాఫీ అందించాను.